మిల్లు కూత కూసిన రోజు

వీధి మలుపులో లాండ్రీ నడిపే ఇద్దరు ఆడవాళ్లను అందరూ పెద్దక్క, చిన్నక్క అనే పిలిచేవారు. వాళ్లకు పేర్లు లేక కాదు. ఇంట్లో అమ్మానాన్నలు పెద్దది, చిన్నది అని పిలిచిన పిలుపే బడికీ, బడి నుంచి వీధికీ, వీధి నుంచి దుకాణానికీ వాళ్ల వెంట నడిచి వచ్చేసింది. పోస్టు తెచ్చే మనిషి కూడా కవరు మీద పేరు చూసి ఒక్క క్షణం ఆలోచించి, "ఇది పెద్దక్కదా, చిన్నక్కదా?" అని అడిగేవాడు.

పెద్దక్క కౌంటరు వెనక కుర్చీలో కూర్చునేది. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. గొంతు ఎత్తితే ఎదురింటి పిల్లి కూడా లేచి వెళ్లిపోయేది. హోటళ్ల నుంచి వచ్చే దుప్పట్లు, దిండు గలీబులు దించుకోవడం, మరకలు చూసి పేచీ పెట్టుకోవడం, ఎవరి బట్టలు ఎప్పుడివ్వాలో చెప్పడం ఆమె పని. చిన్నక్క వెనక గదిలో ఆవిరి ఇస్త్రీ యంత్రం ముందు నిలబడేది. సన్నటి మనిషి. ఎడమకాలు కాస్త ఈడ్చి నడిచేది. యంత్రం పై పలకను కిందికి లాగి, ఆవిరి బుస్సుమని లేచాక మళ్లీ పైకెత్తేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే పని. కుర్చీ పట్టేంత చోటు ఆ గదిలో లేదని పెద్దక్క అనేది. నిజానికి ఎవరూ కొలిచి చూడలేదు.

ఇద్దరి మధ్యా ఏ మాట పట్టింపు వచ్చినా పెద్దక్క దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉండేది. "పెద్దదాన్ని చెప్తున్నా, విను." అంతే. అక్కడితో ఆ మాట ముగిసిపోయేది. కిటికీ పక్క మంచం ఎవరిదన్నా, అమ్మ కుట్టుమిషన్ ఎవరికి పోవాలన్నా, దుకాణానికి ఏ రంగు వేయాలన్నా అంతే. చిన్నక్క ఎదురు చెప్పేది కాదు. పెదవి ఒక పక్కకు లాగి, తన పనిలోకి వెళ్లిపోయేది.

పెద్దక్క చాలా గర్వంగా చెప్పుకునే కథ ఒకటి ఉంది. కొత్తగా వచ్చిన ఖాతాదారు ఎవరైనా అయిదు నిమిషాలు నిలబడితే చాలు, ఆ కథ వినకుండా బయటపడటం కష్టం. వాళ్ల నాన్న బట్టల మిల్లులో మగ్గం నడిపేవాడు. ఆమె పుట్టిన ఘడియలోనే మిల్లు కూత కూసిందట. డ్యూటీ దిగి గేటు దాటుతున్న నాన్నకు మేనత్త ఎదురొచ్చి, ఆడపిల్ల పుట్టిందని చెప్పిందట. వెనక వస్తున్న షిఫ్టు మొత్తం చప్పట్లు కొట్టిందట.

"నేను పుట్టానని ఊరంతటికీ మిల్లే చెప్పింది" అని నవ్వేది పెద్దక్క. "మా చిన్నదానికి ఆ భోగం లేదు. అది పుట్టినప్పుడు మిల్లు మూసేసి ఉంది. నాన్న ఇంట్లోనే ఉన్నాడు. నీళ్లు కాచబోయి కాలు కాల్చుకున్నాడు."

ఆ మచ్చ నాన్న పాదం మీద చివరిదాకా ఉండేది. "ఇది నా చిన్నది పెట్టిన ముద్దు" అనేవాడాయన.

పెద్దక్క భర్త లారీ నడిపేవాడు. పోయి చాలా ఏళ్లయింది. ఒక్క కూతురు. బస్సు డిపోలో టికెట్ల కిటికీ దగ్గర పనిచేసేది, సెలవు రోజున దుకాణానికి వచ్చేది. చిన్నక్క పెళ్లి చేసుకోలేదు. చేసుకోలేదు అనడం కంటే కాలేదు అనడం సబబు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

అమ్మకు అరవై నిండబోతున్నాయని, కేకు తెచ్చి నలుగురినీ పిలవాలని కూతురికి కోరిక పుట్టింది. ఒక మధ్యాహ్నం గిరాకీ లేని వేళ కౌంటరు మీదికి ఎక్కి కూర్చుని, ఫోన్‌లో ఏదో తెరిచింది. పుట్టిన తేదీ కొడితే వయసెంతో, పుట్టింది ఏ వారమో, వచ్చే పుట్టినరోజు ఏ వారం వస్తుందో అన్నీ చెప్తుందట.

"అమ్మా, నువ్వు ఆదివారం పుట్టావు" అంది కూతురు.

"ఏదో ఒకటిలే" అంది పెద్దక్క, ఒక చొక్కా కాలరు వెలుగులో పెట్టి చూస్తూ.

"పిన్నీ, నీ తేదీ కూడా కొట్టా. నువ్వు బుధవారం." కూతురు నవ్వబోయి ఆగింది. "అదేంటమ్మా? నువ్వు పుట్టినప్పుడు మిల్లు కూత కూసిందంటావు కదా. ఆదివారం మిల్లుకి సెలవు. కూత ఎవరు కూశారు, తాతయ్యా?"

వెనక గదిలో ఆవిరి బుస్సుమంది.

"ఫోన్‌కేం తెలుసే" అంది పెద్దక్క.

"ఫోన్ ఏ వారమైనా తప్పు చెప్పదమ్మా. ఇంకోటి చూడు. పిన్ని పుట్టింది బుధవారం అయితే తాతయ్య ఇంట్లో ఎందుకున్నాడు? మిల్లు ఎందుకు మూసి ఉంది? మీ ఇద్దరి తేదీలూ అటూ ఇటూ మార్చితే మాత్రం భలే సరిపోతుంది. నీకు బుధవారం, కూత. పిన్నికి ఆదివారం, కాలిన కాలు." అని పకపకా నవ్వింది. "అంటే నేను ఇన్నాళ్లూ పిన్నీ పిన్నీ అని పిలుస్తున్నది మా పెద్దమ్మనేమో!"

పెద్దక్క నవ్వలేదు. చిన్నక్క వెనక గది నుంచి వచ్చి, మడిచిన దుప్పట్ల దొంతర కౌంటరు మీద పెట్టి, ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయింది. ఆ వెళ్లిపోవడం పెద్దక్కకు నచ్చలేదు. ఆ పిల్ల తిక్క లెక్కకు చిన్నదైనా నవ్వి, "పోవే" అని ఉంటే అక్కడితో పోయేది.

రెండు రోజులు గొణిగింది. మూడో రోజున, "పదండి, అత్తనే అడుగుదాం. గేటు దగ్గర నాన్నకి చెప్పింది ఆవిడే కదా. ఈ పిల్ల వాగుడు కట్టిపెట్టాలి" అని ఇద్దరినీ బయలుదేరదీసింది. చిన్నక్క రానంది. "పెద్దదాన్ని చెప్తున్నా, పద" అంది పెద్దక్క. చిన్నక్క చెప్పులు వేసుకుంది.

మేనత్త కొడుకు దగ్గర ఉండేది, చెప్పుల దుకాణం పైన రెండు గదుల ఇంట్లో. తోలు వాసన మెట్ల మీదికి కూడా వచ్చేది. ముసలావిడకు చెవులు మందగించాయి గానీ నాలుక మందగించలేదు.

పెద్దక్క ఆమె మంచం మీద కూర్చుని, గొంతు పెంచి అడిగింది. "అత్తా! మా ఇద్దరిలో ఎవరు పెద్దో నా కూతురికి నీ నోటితో చెప్పు. ఫోన్‌లో చూసి ఏదేదో కూస్తోంది."

ముసలావిడ ఒకసారి పెద్దక్కను, ఒకసారి తలుపు దగ్గర నిలబడ్డ చిన్నక్కను చూసింది.

"మీ అమ్మ చెప్పలేదూ?"

"ఏం చెప్పాలి?"

"పోయేముందన్నా చెప్తుందనుకున్నా. పిరికిది." ఆమె చేయి పెద్దక్క తల మీదుగా తలుపు వైపు చూపింది. "అదే పెద్దది. నీకంటే ఏడాదిన్నర పెద్ద."

కూతురి మొహం మీది నవ్వు ఆగిపోయింది. పెద్దక్క, "నీకు మతి తప్పిందత్తా" అంది.

ముసలావిడ ఏదీ దాచలేదు. పెద్దపిల్లకు నాలుగేళ్లప్పుడు తుంటి ఎముకకు జబ్బు చేసింది. దూరాన ఉన్న పెద్దాసుపత్రిలో చేర్చారు. నడుము నుంచి పాదం దాకా పిండికట్టు. దాదాపు రెండేళ్లు అక్కడే ఉంది. తల్లి ఎప్పుడో గానీ వెళ్లి చూడలేకపోయింది. తిరిగి ఇంటికి తెచ్చినప్పుడు ఆ పిల్ల పిడికెడంత ఉంది. మాట లేదు. తిండి పెడితే గోడవైపు తిరిగేది. చిన్నపిల్ల ఈలోగా ఏపుగా పెరిగి, దానికంటే జానెడు ఎత్తయింది. అక్కను గుర్తుపట్టలేదు. "ఎవరీ పాప?" అనడిగింది.

"మీ నాన్న నవ్వులాటకి, నీ చెల్లెలే, నువ్వు పెట్టు తింటుందేమో అన్నాడు" అంది ముసలావిడ. "నువ్వు రొట్టె ముక్క పాలలో ముంచి దాని నోటికిచ్చావు. తినేసింది! మీ అమ్మ అప్పటికి ఎన్ని రోజుల నుంచి ఏడుస్తోందో. ఆ తర్వాత నువ్వు పెడితేనే తినేది, నిన్ను పట్టుకుంటేనే నడిచేది. నిన్ను చూసి మొదట పలికిన మాట అక్కా అని. నువ్వు నేర్పావు దానికి. ప్రాణం నిలబడితే చాలు, ఎవరు పెద్దయితే ఏంటని ఊరుకున్నారు."

"మరి తేదీలు?" కూతురు అడిగింది.

"బళ్లో వేసేటప్పుడు చూడాలి ఆ తంటా. ఇంతెత్తు పిల్ల చెల్లెలని, ఇంత పిల్ల అక్కని చెప్తే నవ్వుతారని మీ తాత రెండు తేదీలూ తిప్పి చెప్పాడు. బడి అయ్యాక సరిచేద్దామన్నాడు. ఎవరు సరిచేస్తారు? అబద్ధం కూడా అలవాటైపోతే ఇంట్లో మనిషైపోతుంది."

తలుపు దగ్గర చిన్నక్క, "బస్సు టైమయింది" అంది.

ఆ ఒక్క మాటతో పెద్దక్కకు మొత్తం అర్థమైంది. ఆ మొహంలో ఆశ్చర్యం లేదు. దానికి తెలుసు. ముందే తెలుసు. పెద్దక్కకు ఆ గదిలో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కూతురి వైపు చూడలేకపోయింది. మంచం మీంచి లేవడానికి చెయ్యందించింది చిన్నక్కే.

బస్సులో అలవాటు ప్రకారం పెద్దక్క కిటికీ పక్కన కూర్చుంది. కూర్చున్నాక తెలిసొచ్చి దిగ్గున లేచింది. "నువ్వు కూర్చో."

"బస్సు కదులుతోంది, పడతావు. కూర్చో" అంది చిన్నక్క.

ఆ రాత్రి పెద్దక్కకు నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు. తను అనుభవించినవన్నీ ఒకటొకటిగా వచ్చి నిలబడ్డాయి. మంచం, కుట్టుమిషన్, కుర్చీ. అన్నిటికంటే వెనక నుంచి వచ్చినవాడు ఎలక్ట్రీషియన్. అప్పట్లో ఇంట్లో వైర్లు మార్చడానికి వచ్చిన కుర్రవాడు. పని అయిపోయాక కూడా, ఏ స్విచ్చూ పాడవకపోయినా, వారానికోసారి వచ్చి, "అన్నీ బాగున్నాయా?" అని అడిగేవాడు. అతను అడుగుతున్నది స్విచ్చుల గురించి కాదని ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నదాన్ని చేసుకుంటానని తల్లిని తీసుకుని వచ్చాడు కూడా. అప్పటికి పెద్దదానికి సంబంధం కుదరలేదు. ఆమె వంటగది గుమ్మంలో నిలబడి, "పెద్దదాన్ని నేనుండగా దానికెలా చేస్తారు? నలుగురూ నన్నేమనుకుంటారు?" అంది. అమ్మ పొయ్యి వైపు తిరిగింది. నాన్న తన పాదం వైపు చూసుకున్నాడు. ఆ అబ్బాయి కొన్నాళ్లు ఆగాడు. తర్వాత ఆగలేదు. పెద్దదానికి లారీ డ్రైవరుతో పెళ్లయ్యేసరికి అతనికి ఒక బిడ్డ కూడా పుట్టింది.

మర్నాడు దుకాణం తెరిచాక పెద్దక్క వెనక గదిలోకి వెళ్లింది. పెద్ద దుప్పటి ఒకటి ఇద్దరూ చెరో కొసా పట్టుకుని మడవసాగారు.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"ఆసుపత్రి కిటికీ గుర్తుంది. అమ్మ వచ్చినప్పుడు, ఇంట్లో నీకో చెల్లి ఉంది, పెద్దదవుతోంది అని చెప్పేది. అది గుర్తుంది."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను. బడికెళ్లేటప్పుడు ఒకసారి, నేనే నీకు అక్కనని. నువ్వు చెంప మీద ఒక్కటిచ్చావు. అమ్మకి చెప్తే అమ్మ ఏడ్చింది. ఇంకోసారి అనొద్దంది."

పెద్దక్కకు ఆ దెబ్బ గుర్తు లేదు. ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. కొట్టిన చెయ్యి మరిచిపోవడం కొట్టడం కంటే నీచంగా అనిపించింది.

"పెళ్లప్పుడైనా అనాల్సింది కదా. నా నోరు మూయించాల్సింది."

చిన్నక్క దుప్పటి కొస ఆమెకు అందించింది. "అప్పటికి నాకే నమ్మకం పోయింది. అందరూ చిన్నది చిన్నది అంటుంటే చిన్నదాన్నే కాబోలు, ఆ కిటికీ అదీ కలేమో అనుకున్నా. నిన్న అత్త అనేదాకా నూటికి నూరుపాళ్లు నాకూ తెలీదు."

"కోపంగా లేదా నీకు?"

"ఎందుకు లేదు? ఉంది" అంది చిన్నక్క మామూలు గొంతుతో. "రాత్రంతా ఉంది. ఇప్పుడూ ఉంది. పని చేసుకోనీ."

పెద్దక్క బయటికెళ్లి తన కుర్చీ ఎత్తి తెచ్చి యంత్రం పక్కన పెట్టింది. చక్కగా పట్టింది. ఇంకో కుర్చీ కూడా పట్టేంత చోటుంది.

"కూర్చో అక్కా" అంది పెద్దక్క. ఆ పిలుపు ఆమె నోట రావడం జీవితంలో అదే మొదటిసారి.

"అలా పిలవకు. చిరాగ్గా ఉంది" అంది చిన్నక్క. "అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. నిన్నటిదాకా నా జుట్టు పట్టుకుని ఇవాళ కాళ్లమీద పడతావా? రెండూ నావే, రెండూ నొప్పెడతాయి."

ఆ తర్వాత కొన్నాళ్లు పెద్దక్క ఎవరి మొహమూ సరిగా చూడలేకపోయింది. "పెద్దక్కా!" అని ఎవరు పిలిచినా దొంగసొత్తు పేరు పెట్టి పిలిచినట్టు ఉలిక్కిపడేది. ఒక శనివారం హోటలు మనిషి, బడి పంతులమ్మ, పక్కవీధి మెకానిక్కు, ఇంకా ముగ్గురు నలుగురు బట్టల కోసం నిలబడి ఉండగా, మెకానిక్కు, "పెద్దక్కా, మీ చెల్లెమ్మని నా కోటు కాస్త త్వరగా చెయ్యమనండి" అన్నాడు.

పెద్దక్క ఆగలేకపోయింది. "ఆవిడ నా చెల్లెలు కాదు. నాకు అక్క. నేనే చిన్నదాన్ని. ఇన్నేళ్లూ అన్యాయంగా ఆవిడ మీద పెత్తనం చేశాను" అని అందరి ముందూ చెప్పేసింది. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. పంతులమ్మ నీళ్లిచ్చింది. హోటలు మనిషి దుప్పట్లు తీసుకోవడం మరిచి వెళ్లిపోయాడు. గుండెల్లోంచి బరువు దిగినట్టయింది పెద్దక్కకు, సాయంత్రం దాకా.

సాయంత్రం చిన్నక్క పాలకు వెళ్లి వచ్చింది. సంచి బల్ల మీద పడేసింది.

"పాలబూత్ దగ్గర నా వయసడిగారు. మందుల దుకాణంలో నా తుంటి గురించి అడిగారు. బడి పంతులమ్మ నా చెయ్యి పట్టుకుని పాపం అంది. పాపమట! ఎవరు చెప్పమన్నారు నిన్ను? నా సంగతి చెప్పేటప్పుడైనా నన్నొక మాట అడగాలని తోచలేదా? అందులో కూడా నీదే పెత్తనమా?"

పెద్దక్కకు పొద్దున ఏడ్చినప్పుడు తన చుట్టూ చేరిన మనుషులు, అందించిన నీళ్లు, ఓదార్పులు గుర్తొచ్చాయి. ఆ కథలోనూ నడిమధ్యన తనే నిలబడింది. మిల్లు కూత కథ లాగే. ఈసారి నేల చీలితే దూరిపోదామనిపించింది. చేసిన తప్పు కంటే దాన్ని దిద్దబోయి చేసిన తప్పు ఎక్కువ కాల్చింది.

అరవై నిండే రోజు వచ్చింది. ఇన్నేళ్లూ పెద్దక్క పుట్టినరోజుగా చెల్లిన తేదీ. కూతురు మాత్రం కేకు మీద ఎవరి పేరూ రాయించకుండా తెచ్చింది. వాళ్లు ముగ్గురే. పెద్దక్క గోడ పక్కన నిలబడింది.

"ఎవరు కొయ్యాలి?" అంది కూతురు నెమ్మదిగా.

చిన్నక్క చాకు తీసుకుంది. కోసింది. "నా అరవై వేసుకుని తిరిగింది ఇన్నాళ్లూ. మడతలు పడ్డాకే తిరిగిచ్చింది" అంది. కూతురు నవ్వింది. పెద్దక్క కూడా నవ్వడానికి చూసింది గానీ మొహం చెల్లలేదు. ఇచ్చిన ముక్క చేతిలో పట్టుకునే ఉంది. క్రీము కరిగి మణికట్టు మీదికి జారింది.

"ఒక మాట చెప్పాలి" అంది చిన్నక్క. "నేనిక యంత్రం దగ్గర నిలబడను. పనికి ఎవరినైనా పెట్టుకో, లేదా నువ్వే నిలబడు. నా తుంటికి ఈత మంచిదని డాక్టరమ్మ ఎప్పట్నుంచో చెప్తోంది. మునిసిపాలిటీ కొలనులో నేర్పుతున్నారు. వెళ్తాను."

"ఈ వయసులోనా?" అనేసింది పెద్దక్క. వెంటనే నాలుక కరుచుకుంది.

"ఏ వయసులో?" అంది చిన్నక్క.

అప్పట్నుంచి యంత్రం దగ్గర పెద్దక్కే నిలబడింది. పక్కన కుర్చీ ఉన్నా దాంట్లో కూర్చుని పలక లాగడం కుదరదని తొలిరోజే తెలిసింది. మధ్యాహ్నానికి పాదాలు ఉబ్బేవి. మెడ వెనక చెమట ఆరేది కాదు. మంచి కాళ్లున్న తనకే ఇలా ఉంటే అని మొదలయ్యే ఆలోచన ఒకటి రోజూ వచ్చేది. ఆమె దాన్ని ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఓదార్పు తీసుకునే అలవాటు మానేయాలనుకుంది. కష్టంగా ఉండేది, కానీ చాలాసార్లు మానగలిగింది.

కొన్ని నెలలకు ఒకరోజు చిన్నక్క తువ్వాలు మరిచి వెళ్లింది. పెద్దక్క దాన్ని తీసుకుని కొలనుకు వెళ్లింది. లోపల గొంతులన్నీ ప్రతిధ్వనిస్తున్నాయి. ఘాటైన మందు వాసన. నీలం టోపీ పెట్టుకున్న ఆడవాళ్లలో తన మనిషెవరో వెంటనే పోల్చుకోలేకపోయింది. తర్వాత చూసింది. నీళ్లలో ఆ మనిషి ఎటూ ఈడ్వడం లేదు. రెండు కాళ్లూ ఒకే తీరుగా కదులుతున్నాయి. ఈ మనిషి ఇలా కదలగలదని ఇన్నేళ్లూ తనకు తెలియదు. చూడాలని కూడా ఎప్పుడూ తోచలేదు.

చిన్నక్క గట్టుకు వచ్చి కమ్మీ పట్టుకుంది. పక్కనున్న ఈత నేర్పే అమ్మాయి అడిగింది, "ఈవిడ మీకేమవుతారు?"

చిన్నక్క నోరు తెరిచింది. ఏ మాట వస్తుందోనని పెద్దక్క తువ్వాలును గుండెకు నొక్కుకుంది.

"మా ఇంటి మనిషి" అంది చివరికి చిన్నక్క. "ఆ బెంచీ మీద కూర్చో. ఇంకో నాలుగు సార్లు అటూ ఇటూ పోయి వస్తా."

పెద్దక్క వెళ్లి తడి బెంచీ మీద కూర్చుంది.